ఏటి తెచ్చేరని అడిగే ఊళ్లో సర్వీస్ డెస్క్

ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను చూడగానే, ఏ సర్టిఫికెట్ చేస్తే మంచిదని అడుగుతారు. ఏదో ఒకటి చేయండి, నష్టం లేదు. ఆ పుస్తకాలన్నిటిలో సంస్కృతిలో మార్పు గురించి ఒక అధ్యాయం ఉంటుంది. అందులో బాణం గుర్తులుంటాయి. బాణాలన్నీ మన వైపు నుంచి అవతలివాళ్ల వైపు వెళ్తాయి. నా ఉద్యోగ జీవితంలో ఒక్క బాణం కూడా అటు వెళ్లగా నేను చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు పని చాలా చిన్నది. యంత్రం పాడైతే వాడేవాళ్లు మనకు చెప్పాలి. చెప్పింది మనం రాసుకోవాలి. వెళ్లి బాగుచేయాలి. బాగైందన్న మాట చెప్పినవాళ్ల నోటితోనే అనిపించాలి. మిగతాదంతా మీటింగులు.

నా గురించి ఒక్క సంగతి చెబితే చాలు. నాకు 'సుమారు' అనే మాట గిట్టదు. తేదీ అంటే తేదీ, లెక్క అంటే లెక్క. నా భుజాన వేలాడే గుడ్డ సంచీ కూడా అంతే. టార్చికి ఒక అర, స్క్రూడ్రైవర్లకు ఒక అర, రుమాలుకు ఎడమవైపు చిన్న జేబు. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసింది చేతికి వచ్చేది. ఆఫీసులో దానికి ఆడిట్ సంచీ అని పేరు పెట్టారు. నేను కాదనలేదు.

కేకు కోసిన నెల

ఆఖరి ఉద్యోగం విశాఖ మన్యంలోని అనంతగిరిలో చేశాను. కొండల్లోని కాఫీ రైతుల సంఘం ఒకటి ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టింది. ఒక్కో కేంద్రంలో ఒక తూకం యంత్రం, దానికి చీటీ కొట్టే ప్రింటర్, ఒక కంప్యూటరు. కాఫీ కాలం అయిపోతే మిరియాలు, పసుపు, చింతపండు వచ్చేవి. చీటీ వస్తేనే బస్తా దించుకుంటారు. చీటీ రాకపోతే ఆ బస్తాను మోసుకొచ్చినావిడ మళ్లీ నెత్తిన పెట్టుకుని కొండెక్కాలి. ఈ యంత్రాల బాగోగులు చూసే కాంట్రాక్టు మా కంపెనీది. అనంతగిరి బస్టాండు వెనక ఒక గదిలో మా సర్వీస్ డెస్క్ ఉండేది.

డెస్క్‌లో ఫోనెత్తే అమ్మాయి సుమిత్ర. అక్కడి కొండ ఊరి పిల్ల. తెలుగు, ఒడియా, కువి మూడూ మాట్లాడేది. డిగ్రీ చదివి, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద చేరింది. ఇంట్లో జీతం తెచ్చే మనిషి ఆమె ఒక్కతే.

ఒక్కో ఫిర్యాదునూ కంప్యూటర్లో ఒక్కో టికెట్టుగా ఎక్కించే కొత్త పద్ధతి మేము పెట్టిన మొదటి నెలలో ఒక్క ఫిర్యాదూ రాలేదు. మా ప్రాజెక్టు డైరెక్టరు వరప్రసాద్ గారు హైదరాబాదులో ఉండేవారు. ఆయన ఆనందానికి హద్దు లేదు. స్క్రీను మీద పెద్ద సున్నా వేసి, దాని ముందు కేకు కోశారు. ఆ కేకు కూడా సున్నా ఆకారంలోనే చేయించారు. మాకు ఫోటో పంపారు.

ఇన్ని కేంద్రాల్లో నెలంతా ఒక్క ప్రింటరైనా పాడుకాలేదంటే నాకు నమ్మకం కలగలేదు. జీపెక్కి పనసపుట్టు కేంద్రానికి వెళ్లాను. ఆ కేంద్రం చూసుకునేది సొంబారి. గట్టి మనిషి, గట్టి గొంతు. ప్రింటరు మీద తుండుగుడ్డ కప్పి, దాని మీద కోడిగుడ్ల బుట్ట పెట్టి ఉంది.

"ఇది పనిచేయడం లేదా సొంబారీ?"

"సేత్తే గుడ్లెందుకు ఎడతానమ్మా?"

"మరి చెప్పలేదేం?"

"ఎలాగ సెప్పమంటారు? సెప్దామని కంపూటర్లో ఎడితే రాంబాబు బొమ్మ వచ్చింది. ఆడి బొమ్మ పక్కన 'ఫిర్యాదు' అని ఉంది. ఆడి మీద రాత్తే ఆడి ఉజ్జోగం పోదా? ఇద్దరు సంటి గుంటలు ఆడికి. యంతరం సచ్చిందని మనిషిని సంపుతామా?"

రాంబాబు మా ఇంజినీరు. చోడవరం కుర్రవాడు. ఏ కేంద్రానికి ఎవరు వస్తారో తెలియాలని, నమ్మకం పెరగాలని, ఇంజినీర్ల ఫోటోలు పెట్టించింది వరప్రసాద్ గారే. పట్నంలో ఆ ఫోటో చూస్తే నమ్మకం పెరుగుతుందేమో. పనసపుట్టులో మాత్రం పెద్దల ముందు నిలబెట్టిన నేరస్తుడి బొమ్మలా కనిపించింది. అన్ని ఊళ్లలోనూ ఇదే జాలి. అందరూ కలిసి రాంబాబును కాపాడుతూ, తాము బస్తాలు మోసుకుంటున్నారు.

ఫోటోలు తీయించి ప్రింటరు బొమ్మ పెట్టించాను. ఇక చూడండి. యంత్రాన్ని తిట్టడానికి ఎవరికీ మొహమాటం లేదు. సొంబారి రాయించిన మొదటి టికెట్టు నాకిప్పటికీ గుర్తుంది: "దీనికి కాగితం మింగడమే గాని కక్కడం రాదు." సుమిత్ర అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది.

రెండో నెల వరప్రసాద్ గారు కేకు కోయలేదు.

పచ్చ రంగు

ఫిర్యాదులు రావడం మొదలయ్యాక హైదరాబాదు నుంచి కొత్త నియమం వచ్చింది. ఏ టికెట్టైనా నాలుగు గంటల్లో మూయాలి. దాటితే కంప్యూటరు తెర మీది బోర్డులో ఎర్రగా వెలుగుతుంది. లోపల మూస్తే పచ్చగా.

అనంతగిరి నుంచి పనసపుట్టుకు, దారిలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగకపోతే, వెళ్లడానికే సగం పూట పడుతుంది. ఈ మాట నేను వరప్రసాద్ గారికి చెప్పాను.

"మైండ్‌సెట్ మేడం," అన్నారాయన. "దూరం అనేది మైండ్‌సెట్."

నేను ఘాట్ రోడ్డు మ్యాపు పంపాను. ఆయన దానికి బొటనవేలు పైకెత్తిన గుర్తు పెట్టారు.

రాంబాబు తెలివైనవాడు. టికెట్టు రాగానే 'బాగుచేయబడినది' అని మూసేసి, తర్వాత తీరిగ్గా బయలుదేరేవాడు. బోర్డంతా పచ్చగా, అనంతగిరి అడవిలా ఉండేది. ఈ పద్ధతిలో తిరకాసు ఒకటుంది. మూసిన టికెట్టుకు విశాఖపట్నం స్టోర్సు సామాను ఇవ్వదు. బాగైపోయిన దానికి సామానెందుకని వాళ్ల ప్రశ్న. కాబట్టి రాంబాబు ఖాళీ చేతులతో వెళ్లి, పాడైన యంత్రాన్ని పరామర్శించి వచ్చేవాడు.

సుమిత్ర ఒక్కతే ఒప్పుకునేది కాదు. మూసిన ప్రతి టికెట్టునూ, కేంద్రానికి ఫోన్ చేసి కనుక్కుని, మళ్లీ తెరిచేది. రాంబాబు మూయడం, ఈ పిల్ల తెరవడం.

"ఏటే గుంటా, నాతో నీకేటి పగ?" అని రాంబాబు వాపోయేవాడు.

"నీతో కాదన్నా. పనసపుట్టు ప్రింటరుతో. అది బతికేనని నాతో సెప్పలేదు."

దీన్ని వరప్రసాద్ గారు సంస్కృతి సమస్య అన్నారు. కల్చర్ కోచ్ ఒకాయన్ని పంపారు. ఆయన మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక ఎర్ర బంతి విసురుకోమన్నారు. బంతి పట్టుకున్నవాళ్లు తమలోని భయాన్ని చెప్పాలి. బంతి రాంబాబు చేతికొచ్చింది. "గెడ్డ సార్," అన్నాడు. "వానాకాలంలో గెడ్డ." కోచ్ గారు అది లోపలి భయం కాదన్నారు. వెళ్తూ వెళ్తూ 'నేనే మార్పు' అని రాసిన చొక్కాల మూట ఒకటి వదిలి వెళ్లారు. ఆ బంతి మాత్రం పనికొచ్చింది. కంప్యూటరు బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టాం.

నాలుగు 'ఎందుకు'లు

చైత్రంలో కొండల్లో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు అడవికి వేటకు వెళ్తారు. ఇప్పుడు వేటంటే పేరుకే, చట్టం ఊరుకోదు. కానీ పద్ధతి పద్ధతే. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు కట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి, చందా తీసుకుని పంపుతారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వేటగాడికి మాత్రం చందాతో సరిపోదు. ఏం తెచ్చావని అడుగుతారు. ఏమీ లేకపోతే బకెట్టుడు పేడనీళ్లు నెత్తిన పోస్తారు. అందరూ నవ్వుతారు, వాడూ నవ్వాలి. అదే పండుగ.

ఆ పండుగ రోజుల్లో రాంబాబు పనసపుట్టు వెళ్లాడు. ప్రింటరుకు కరెంటు అందించే అడాప్టర్ కాలిపోయింది. టికెట్టు అప్పటికే పచ్చగా మూసి ఉంది. సొంబారి డెస్క్‌కు ఫోన్ చేసి, ఇంజినీరు వచ్చాడు, ఏం చేయాలని అడిగింది. "ఏటి తెచ్చేడో అడుగు," అంది సుమిత్ర. అడాప్టర్ గురించే అడగమంది పాపం. కాలం అలాంటిది.

రాంబాబు తడిసి, కంపు కొడుతూ డెస్క్‌కు తిరిగొచ్చాడు. వాడికి కోపం లేదు. "పండగ కదా మేడం," అన్నాడు. కానీ నియమం ప్రకారం సంఘటన నమోదు చేయాలి కాబట్టి చేశాడు. సిస్టంలో పేడకు వర్గం లేదు. 'ద్రవపదార్థం వల్ల నష్టం' అన్నదాన్ని ఎంచుకున్నాడు. అది అత్యున్నత ప్రాధాన్యం కింద వెళ్లి, హైదరాబాదులో గంటలు మోగాయి. సర్వర్ గదిలోకి నీళ్లొచ్చాయనుకుని ఇద్దరు లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కారట.

మర్నాడు వీడియో మీటింగు. మూలకారణం తెలియాలంటే ఐదుసార్లు ఎందుకు అని అడగాలన్నది మా వృత్తిలో ఒక విధానం. మంచి విధానమే. వరప్రసాద్ గారు మొదలుపెట్టారు.

"పేడనీళ్లు ఎందుకు పోశారు?"

"ఉత్త సేతుల్తో వెళ్లేను సార్."

"ఎందుకు అలా వెళ్లావు?"

"అడాప్టరు ఇవ్వలేదు సార్, స్టోర్సు."

"ఎందుకివ్వలేదు?"

"టికెట్టు మూసేసి ఉందండి."

"ఎందుకు మూశావు?"

"నాలుగు గంటలు దాటితే ఎర్రబడిపోతాదని మీరే అన్నారు కదండీ."

వరప్రసాద్ గారు చేతిలోని పెన్నుకు మూత పెట్టేశారు. 

"నాలుగు చాలు," అన్నారు. "ఐదోది అవసరం లేదు."

నివేదికలో మూలకారణం ఇలా రాశారు: కేంద్రాల మహిళల్లో వృత్తిపరమైన ప్రవర్తనపై అవగాహన లేకపోవడం, డెస్క్ ఉద్యోగిని సుమిత్ర వాళ్లను రెచ్చగొట్టడం. పరిష్కారాలు రెండు. అనంతగిరి డెస్క్ నెలాఖరుకు మూసేసి, ఫోన్లన్నీ హైదరాబాదుకు మళ్లించడం. సుమిత్ర కాంట్రాక్టు పొడిగించకపోవడం. ఈలోగా డైరెక్టరు గారే స్వయంగా పనసపుట్టు వెళ్లి ఆడవాళ్లకు శిక్షణ ఇస్తారు.

పండుగ అయ్యాక రండి అన్నాను. మైండ్‌సెట్ అన్నారు.

నా అభిప్రాయం దాచను. ఆయన చెడ్డవాడు కాదు. ఎదురుగా మనిషి ఏడిస్తే కరిగిపోయేవాడే. అయితే మనుషులు ఆయన ఎదుటికి వచ్చేవాళ్లు కాదు, రంగులు వచ్చేవి. ఈ ఉద్యోగంలో పైకి వెళ్లేకొద్దీ అదే జరుగుతుంది. మీరూ జాగ్రత్త.

వెదురు గడ దగ్గర

ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో వచ్చారు. కారులో ముందు డ్రైవరు పక్కన సుమిత్ర, వెనక ఆయనా నేనూ. డిక్కీలో 'నేనే మార్పు' చొక్కాల మూట. అనువాదం కోసం సుమిత్రను తీసుకెళ్తున్నాం. నెలాఖరున ఇంటికి పంపబోయే పిల్లతోనే చొక్కాల మీది ఆ మాట కువిలో చెప్పించాలని ఆయన ఉద్దేశం. రాంబాబు సెలవు పెట్టాడు. కారణం గడిలో 'పండుగ' అని రాశాడు.

దారిలో ఎత్తయిన గట్టు ఒకటి దాటితే సెల్‌ఫోన్లకు నెట్‌వర్కు ఉండదు, కేంద్రానికి ఉన్నదల్లా తీగ లైనే. గట్టు దిగి రెండు మలుపులు తిరిగేసరికి వెదురు గడ అడ్డంగా ఉంది. సొంబారి, ఇంకా పదిమంది ఆడవాళ్లు, ఒక ప్లాస్టిక్ బకెట్టు. వరప్రసాద్ గారు చిరునవ్వుతో అద్దం దించి చందా ఇవ్వబోయారు.

సొంబారి తీసుకోలేదు. కారు మీద అంటించిన కంపెనీ పేరును వేలితో తట్టింది. "సందా దారినపోయేవోళ్లకి బాబూ. మీరు మా యంతరం పనిమీద వచ్చిన వేటగాళ్లు. ఏటి తెచ్చేరు?"

సుమిత్ర తెలుగులోంచి తెలుగులోకి అనువదించింది. "ఏం తెచ్చారని అడుగుతున్నారు సార్."

ఆయన ఫోను తీసి పచ్చ బోర్డు చూపించారు. "చూడమ్మా, అన్నీ పూర్తయ్యాయి. అంతా గ్రీన్."

సొంబారి ఫోనును ఎండకు అడ్డం పట్టి చూసింది. వెనకనున్నవాళ్లకు చూపించింది. "పచ్చగానే ఉంది. కూరొండుకుంటామా, పశువులకేత్తామా?"

ఆయన డిక్కీ తెరిపించి చొక్కాలు చూపించారు.

"ఇదేటి, సొక్కాల్ని వేటాడేరా? అడాప్టరు తెచ్చేరా లేదా, బేగి సెప్పండి. బకెట్టు బరువుగుంది."

ఆయన అద్దం పైకెత్తేసి నా వైపు తిరిగారు. అడాప్టర్ నా సంచీలో ఉంది. ముందురోజే స్టోర్సుకు వెళ్లి, టికెట్టు మళ్లీ తెరిపించి, సంతకం పెట్టి తెచ్చాను. మూడో అరలో, తీగ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పెట్టాను.

"మీ దగ్గర అడాప్టర్ ఉందా మేడం?"

"ఉంది."

"ఇవ్వండి."

"డెస్క్ సంగతి తేల్చండి ముందు."

ఆయన నమ్మలేనట్టు చూశారు. "మీరు నన్ను బెదిరిస్తున్నారా?"

"నేనెందుకు బెదిరిస్తాను? బకెట్టు వాళ్లది."

బయట ఎవరో అద్దం మీద వేళ్లతో దరువేస్తున్నారు. సుమిత్ర వెనక్కి తిరగలేదు. మెడ బిగపట్టి దారి వైపే చూస్తోంది. చెవులు మాత్రం మా దగ్గరే ఉన్నాయని నాకు తెలుసు.

ఆయన మెయిలు రాయడం మొదలుపెట్టారు. అనంతగిరి డెస్క్ కొనసాగుతుంది. సుమిత్రకు ఉద్యోగం ఖాయం చేస్తున్నాం. కేంద్రం వాళ్లు బాగైందని చెబితేనే టికెట్టు మూయాలి. సంఘం అధ్యక్షుడికి కూడా కాపీ పెట్టమన్నాను, పెట్టారు. పంపే ముందు చదివాను. 'సుమిత్ర సుమారు మూడేళ్లుగా' అని ఉంది.

"సుమారు తీసేయండి. సరిగ్గా మూడేళ్లు."

"ఇప్పుడా మేడం!"

"తప్పు తప్పే కదా."

తీసేశారు. పంపు నొక్కారు. నెట్‌వర్కు లేదు కాబట్టి మెయిలు ఫోనులోనే ఆగి, సిగ్నల్ దొరికితే వెళ్తానంటూ కూర్చుంది. నేను అడాప్టర్ ఇచ్చాను.

ఆయన దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, కప్పు గెలిచినవాడిలా కారు దిగారు. ఆడవాళ్లు అరిచారు. సొంబారి దగ్గరకొచ్చి చూసింది. అడాప్టర్ సరైనదే.

"ఇది అమ్మగారి సంచీలోంచి వచ్చింది," అంది. "అద్దంలోంచి సూసేం. ఎవులి వేట ఆలదే బాబూ."

సుమిత్ర పరుగున దిగి అడాప్టర్ లాక్కుంది. అది తడవకూడదని ఆమె బాధ. ఆయన తడవకూడదని ఎవరికీ లేదు.

బకెట్టు మొత్తం పోశారు. తర్వాత పద్ధతి ప్రకారం అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, అందుకని ఇంకాస్త నవ్వారు. సుమిత్ర చొక్కాల మూట దించుకుని, ప్రింటరుకు అడాప్టర్ పెట్టడానికి వాళ్లతో పక్కనే ఉన్న కేంద్రానికి వెళ్లింది. మేం కారు మళ్లించేలోపే ఒకమ్మాయి కేంద్రం గుమ్మంలోకి వచ్చి కాగితం ముక్క ఊపింది. చీటీ వచ్చింది. నెత్తిన చింతపండు బస్తాతో నిలబడ్డ ఒకావిడ దాన్ని దించి, మెడ అటూ ఇటూ తిప్పుకుంది.

కేంద్రంలో నీళ్లున్నాయి, కడుక్కోమన్నాను. "ఒక్క నిమిషం కూడా ఇక్కడ ఉండను," అన్నారు వరప్రసాద్ గారు. డ్రైవరు తనకున్న ఒకే తువ్వాలు సీటు మీద పరిచి, ఆయన్ని దాని మీద కూర్చోబెట్టాడు.

మొదటి మలుపులో ఆయనకు గుర్తొచ్చింది.

"ఆ మెయిలు ఇంకా వెళ్లలేదు," అన్నారు. "గట్టెక్కేలోపు తీసేస్తాను. బెదిరించి రాయించిన మెయిలు చెల్లదు."

జేబులోంచి ఫోను తీశారు. వేలి నిండా పేడ, తెర నిండా పేడ. నొక్కితే ఫోను పలకలేదు. చొక్కాకు తుడిచారు, ఇంకా పాడైంది. రెండో మలుపు తిరిగాం. మోచేత్తో నొక్కారు. ముక్కుతో కూడా ప్రయత్నించారు. ముక్కు మీదా ఉంది.

"మేడం, మీ దగ్గర రుమాలుందా?"

"ఉంది," అన్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. "వెతికి ఇస్తాను."

సంచీ ఒళ్లో పెట్టుకున్నాను. ముందు టార్చి అర చూశాను. తర్వాత స్క్రూడ్రైవర్లను ఒక్కొక్కటే తీసి, సీటు మీద వరసగా పేర్చాను. అడాప్టర్ ఉన్న మూడో అరలో రబ్బరు బ్యాండు మిగిలింది, దాన్ని చుట్టి జాగ్రత్త చేశాను.

"బేగి మేడం, బేగి!" అన్నారు వరప్రసాద్ గారు. హైదరాబాదు మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు.

కారు గట్టెక్కింది. ఆయన చేతిలో ఫోను టింగుమంది.

రుమాలు అప్పుడు దొరికింది.